గేరుబాక్సు మీది చిన్న టోపీ

రిటైరై ఇన్నేళ్లయినా నన్ను కనబడ్డచోటల్లా ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. బాన్సువాడ బస్టాండు దగ్గర చాయ్ తాగుతున్నా, ఎవరింట్లోనో పెండ్లి బంతిలో కూర్చున్నా, ఎవరో ఒకరు పక్కకు జరిగి మొదలుపెడతారు. “అన్నా, చిన్న ట్రాక్టర్ తీసుకున్న. ఏమన్న అయితే ఇంటికాడ మనమే ఇప్పుకోవచ్చునా, షోరూముకే తోలాల్నా?”

అడిగేవాడి మొహం చూస్తేనే వాడికి ఏ జవాబు కావాలో తెలిసిపోతుంది. పానా పట్టుకోవడానికి చేతులు దురద పెడుతున్నవాడు ‘ఇప్పుకో’ అంటే సంతోషిస్తాడు. భయస్తుడు ‘తోలుకపో’ అంటే సంతోషిస్తాడు. నేను రెండూ అనను. “బండిని ఎన్ని రోజులు చూసినవ్?” అని అడుగుతాను. ముసలాయన మాట దాటేస్తున్నాడని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. అది నేర్పింది ఒక తండా ఆడమనిషి. ఆ పాఠానికి నేను కట్టిన ఫీజు నా ఉద్యోగ జీవితంలో అందిన ఒకే ఒక్క మెమో. మిమ్మల్ని, అంటే ఇప్పుడు కంప్యూటర్ తగిలించి ఇంజను జబ్బు చెప్పే పిల్లల్ని, కూర్చోబెట్టి ఈ కథ చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పేర్లు మాత్రం అడగకండి.

తొంభైల చివరి మాట. అప్పుడు నేను బాన్సువాడలో ఒక ట్రాక్టర్ షోరూము వెనక ఉండే రేకుల షెడ్డులో సీనియర్ మెకానిక్‌ని. మా దగ్గరికి మొట్టమొదటిసారి చిన్న ట్రాక్టర్లు వచ్చిన రోజులవి. పెద్ద బండ్ల పక్కన నిలబెడితే వాటి దూడల్లా ఉండేవి. కాలువ కింద పెద్ద పెద్ద మళ్లున్న రైతులు వచ్చి చూసి, “ఇది దున్నుతదా, పిల్లలు ఆడుకోవాల్నా?” అని నవ్వి పోయేవాళ్లు. కానీ చిన్న మళ్లకు, లోతు బురదకు అది సరైన బండి అని నాకు మొదటి రోజే తెలిసింది. బరువు తక్కువ, దిగబడదు. ఒకటే చిక్కు. పొట్టిది కాబట్టి దాని వెనక ఇరుసు నేలకు బాగా దగ్గర. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ షెడ్డులో నాకు రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి, నూనె వాసన చూసి బండి సంగతి చెప్పడం. రెండు వేళ్ల మధ్య నూనె రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. సగం నిజంగా తెలిసి చెప్పేది, సగం కళ్లు మూసుకోవడం వల్ల వచ్చిన గౌరవం. రెండోది బ్రష్షు. కొత్త బండ్లు లారీలో వచ్చేటప్పుడు గొలుసులు రాసుకుని అక్కడక్కడా రంగు లేచిపోయేది. రైతు పూజ చేయించి తోలుకెళ్లే ముందు ఆ గీతలన్నీ కప్పాలి. బజార్లో కలిపించిన రంగు కంపెనీ రంగు కంటే ఒక పిసరు ముదురుగా ఉండేది. అయినా నేను వేస్తే అతుకు కనబడదని మా ఇన్‌చార్జి గారే అనేవారు. ఆయన తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం. మనిషి మంచివాడు, మాట మెత్తన. కాగితం మీద మరక పడితే మాత్రం ప్రాణం పోయినట్టు చూసేవారు.

ఆ ఎండాకాలం నస్రుల్లాబాద్ అవతల ఉన్న ఒక తండా నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆ తండాలో అంతకుముందు ఎవరికీ ట్రాక్టర్ లేదు. కాలువ చివరి భూములు వాళ్లవి. నీళ్లు అందరికంటే ఆఖర్న వచ్చేవి, అందరికంటే ముందు ఆగిపోయేవి. నాట్లకు ముందు నీళ్లు పెట్టి పొలం దున్ని బురద చేయాలి కదా, మేం కరిగెట అంటాం, మా ఇన్‌చార్జి గారు దమ్ము అనేవారు. ఆ పనికి పెద్ద రైతుల బండ్లు ఖాళీ అయ్యాకే తండా వైపు వచ్చేవి. అప్పటికి తండావాళ్ల నారు ముదిరి గడ్డిలా అయ్యేది. ఏటా అదే తంతు. అందుకే ఆ భర్త తెగించి చిన్న బండి కొన్నాడు. వరుసలో ఆఖరివాడిగా నిలబడటం ఇక చాలనుకున్నాడు.

అతను మాట్లాడేది తక్కువ. అంతకుముందు కొన్నేళ్లు లారీల షెడ్డులో కూలికి చేశాడట, పానా పట్టుకోవడం వచ్చు. మాటలన్నీ ఆమెవే. అద్దాలు కుట్టిన రైక, చేతినిండా గాజులు. నేను బండి చుట్టూ బ్రష్షు పట్టుకుని తిరుగుతుంటే నా వెంటే తిరుగుతూ ప్రతిదీ అడిగింది.

“గిదేందన్నా?”

“డీజిల్ ఫిల్టరక్కా.”

“గిది?”

“బ్యాటరీ.”

సీటు వెనక గేరుబాక్సు మీద రెండు వేళ్ల ఎత్తున పుట్టగొడుగులాంటిది ఒకటుంది. దాన్ని చూపించింది. “గీ టోపీ లెక్క ఉన్నది ఏందన్నా? గిది దేనికి?”

అప్పటికి ఇరవై ప్రశ్నలయ్యాయి. బయట కొబ్బరికాయ పట్టుకుని పూజారి తొందర పెడుతున్నాడు. “గది కంపెనీ సంగతక్కా, నీకు పనికి రాదు,” అన్నాను. దాని మీద కూడా ఒక గీత కనబడింది. బ్రష్షు నిండా ముంచి చుట్టూ తిప్పాను. నున్నగా, ముద్దుగా వచ్చింది. ఆమె ఇంకేమీ అడగలేదు.

నిజాంసాగర్ నుంచి నీళ్లు వదిలారు. పదిహేను రోజులు కూడా కాకముందే అతను బండి తోలుకుని షెడ్డుకు వచ్చాడు. గేరుబాక్సు నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. అంటే లోపలికి నీళ్లు పోతున్నాయి. వెనక చక్రాల దగ్గర ఆయిల్ సీళ్లని రబ్బరు కట్లుంటాయి. లోపలి నూనె బయటికి, బయటి నీళ్లు లోపలికి పోకుండా ఆపేవి అవే. చక్రం దగ్గర నూనె చెమ్మ కనబడిందట. సీలు పోయిందనుకుని అతనే జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, బజార్లో కొత్త సీళ్లు కొని వేసుకున్నాడు. వారానికి మళ్లీ తెల్లబడింది. తన పని సరిగ్గా కుదరలేదనుకుని రెండోసారి విప్పి మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. అప్పుడు మా దగ్గరికి వచ్చాడు.

బోల్టుల మీద పానా గీతలు చూశాను. నూనె రుద్దాను, వాసన చూశాను, అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాను. “ఇంటికాడ ఇప్పినవ్. సీలు వంకర కూసుంది. గందుకే నీళ్లు పోతున్నయ్,” అని తేల్చేశాను. జాబ్ కార్డు మీద నా దస్తూరీతో ఒక వాక్యం రాశాను: ‘కస్టమర్ స్వయంగా విప్పినందున సీళ్లు దెబ్బతిన్నవి, వారంటీ వర్తించదు.’ అక్షరాలు కుదురుగా వచ్చాయి. అతను తల వంచుకుని విన్నాడు. అంత పని చేతిలో ఉన్న మనిషి ఎందుకు ఎదురు మాట్లాడడం లేదని అప్పుడైనా నాకు అనిపించి ఉండాల్సింది.

ఈసారి సీళ్లు నేనే వేశాను, ఎంతో పద్ధతిగా. ఇగ ఫికర్ లేదని భుజం తట్టి పంపాను.

ఆరో రోజు బండి మళ్లీ మా గేటు ముందు ఉంది. రెండు వెనక చక్రాల దగ్గరా నూనె చెమ్మ ఉంది. నూనె మట్టం చూసే గేజు కడ్డీ తీసి చూశాను. మజ్జిగ.

మీలో ఎవరికైనా ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఇతని చెయ్యి బాగాలేదని నేను రాసిచ్చాను. మరి ఇప్పుడు నా చెయ్యి? మా ఇన్‌చార్జి గారు పక్కకు పిలిచి, “ఎందుకండీ మనకు గొడవ? అతను ముందే చెయ్యి పెట్టాడు కదా. గేరుబాక్సు మొత్తం విప్పి చూడాలని నిజామాబాద్ పంపించేద్దాం. పదిహేను రోజులు పడుతుందని చెప్పండి,” అన్నారు. అదే చెప్పాను.

“పదేను రోజులా?” అతను బండి వైపు చూశాడు, నా వైపు చూడలేదు. “పదేను రోజులైతే మా తండల నారంత పోతది సారు. అందరు నన్ను నమ్ముకోని ఉన్నరు. పెద్ద బండ్లోళ్లకు ఈసారి వద్దని చెప్పిన్రు.” సీటెక్కి కూర్చుని అన్నాడు. “తియ్యి. రేపొక్కరోజు సూస్త. ఎల్లుండి నేనే ఇప్పుకుంట. వారంటీ ఎట్లగూ లేదంటిరి గద.”

దుమ్ములో, చెట్టు కింద, గేరుబాక్సు విప్పుతాడట. చక్రం విప్పడం వేరు, ఇది వేరు. పళ్ల చక్రాలు, బేరింగులు, మధ్యలో వెంట్రుకంత మందం రేకులు. ఒక్కటి తారుమారైతే బండి ఇక ఇనుప సామానే. నేను ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపను?

ఆ ఒకటిన్నర రోజు నాకు తిండి సహించలేదు. జాలి వల్ల అనుకుంటున్నారేమో, కాదు. నిజం చెప్పాలి కదా, అందులో జాలి కొంతే. మిగతాదంతా కుతూహలం. నేను వేసిన సీలు ఆరు రోజుల్లో ఎలా పోతుంది? పోయిందనుకుందాం, రెండు పక్కలా ఒకేసారి ఎలా పోతుంది? రోడ్డు మీద పోతూ కనబడ్డ ప్రతి బండి వెనక చక్రాన్నీ వంగి చూస్తున్నాను. మా ఆవిడ చూసి, “ఏందట్ల వంగి వంగి నడుస్తున్నవ్, నడుము పట్టిందా?” అని అడిగింది.

అతను విప్పుతానన్న రోజు మాకు సెలవు. పొద్దున్నే స్కూటరుకు ఒక డబ్బా కొత్త గేరు నూనె కట్టుకుని తండాకు పోయాను. నేను పోయేసరికి వేపచెట్టు కింద గోనెపట్టాలు పరిచి, పానాలు వరుసగా పెట్టి, కొమ్మకు గొలుసు కడుతున్నాడు. విప్పిన బోల్టులు కలిసిపోకుండా పెట్టడానికి ఇంట్లోని గిన్నెలన్నీ తెచ్చి పేర్చాడు. ఆ పద్ధతి చూసి నాకు సిగ్గేసింది. ఇలాంటి మనిషికి సీలు వంకరగా కూర్చుందని నేను రాశాను.

“ఒక్కరోజు ఆగు తమ్మీ,” అన్నాను. “నూనె మార్చి ఇయ్యాల బండి నడుపు. నేను కూసోని చూస్త. సూర్యుడు దిగినంక గూడ తెలువకపోతే నువ్వు ఇప్పు, నేను పక్కన పట్టుకుంట.”

“చూస్తె ఏమొస్తది సారు? చూసుడైతే రోజు చూస్తనే ఉన్నం.”

వాళ్లిద్దరూ వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. నాకు అర్థం కాలేదు కానీ నా గురించేనని తెలుసు. తర్వాత ఆమె ఇంట్లోకి వెళ్లి ఒక పాత తెల్లగుడ్డ తెచ్చి నా ముందు పరిచింది.

ఆ గుడ్డ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. రోజూ సాయంత్రం గేజు కడ్డీ తుడిచిన నూనె మరకలు, ఒకదాని పక్కన ఒకటి, వరుసగా. కొన్ని తేనె రంగు, కొన్ని పాలిపోయిన తెలుపు. ప్రతి మరక కింద ఒక సూదికుట్టు. కొన్నిటికి ఎర్రదారం, కొన్నిటికి ఆకుపచ్చ. ఆమెకు చదువు రాదు. కానీ నేను ఇరవై ఏళ్లలో రాసిన ఏ జాబ్ కార్డూ అంత వివరంగా లేదు.

“పచ్చదారమేమో మీదిమళ్లల్ల దున్నిన రోజు. ఎర్రదారమేమో కాల్వకాడి మళ్లల్ల దున్నిన రోజు,” అని వేలు పెట్టి చూపించింది. “చూడు, నూనె మార్చినంక మళ్ల తెల్లబడుడు ఎర్రదారం మీదనే సురువైతది. కాల్వకాడి మట్టి మంచిది గాదన్నా. గా మట్టే ఏదో చేస్తుంది.”

వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఒక్క మరక కూడా తప్పలేదు. కానీ మట్టి? ఆ మళ్లకూ ఈ మళ్లకూ మధ్య నాలుగు గట్లు కూడా లేవు. “కాల్వకాడ దున్నిన రోజు ఇంకేం చేస్తరక్కా, తక్కిన రోజులల్ల చెయ్యనిది?” అని అడిగాను. ఆమె ఆలోచించింది. ఏమీ లేదంది. “సరే, ఇయ్యాల ఎర్రదారం పని చేద్దాం,” అన్నాను. ఆమె నవ్వింది.

తెల్లనూనె వంచేసి కొత్తది పోశాం. ఇనుప చక్రాలు వేసి అతను మడిలోకి దిగాడు. నేను గట్టు మీద తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాను. పది గంటలకు గేజు చూశాను, తేనె. మధ్యాహ్నం చూశాను, తేనె. మూడింటికి చూశాను, వేడెక్కి చెయ్యి పెట్టలేకపోయాను గానీ తేనెరంగే. మధ్యలో ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు తెచ్చిపెట్టింది. గట్టు మీద కూర్చుని ఏ పనీ చేయకుండా ఒక బండిని పొద్దంతా చూడటం అదే మొదటిసారి. అన్నేళ్లూ బండ్లు నా దగ్గరికి జబ్బుపడి వచ్చేవి. అవి బాగున్నప్పుడు ఎలా బతుకుతాయో నేనెప్పుడూ చూడలేదు.

పొద్దు వాలుతుండగా మడి అయిపోయింది. అతను బండిని గట్టెక్కించి, నేరుగా కాలువలో బర్రెలు దిగే జాగ దగ్గరికి తోలాడు. అక్కడ ఏటవాలుగా ఉంటుంది. బురద ఎండితే గీకలేమని బండిని అట్లాగే నీళ్లలోకి దింపాడు. వెనక ఇరుసు పూర్తిగా మునిగింది. కాలుతున్న ఇనుము నుంచి సుయ్‌మని ఆవిరి లేచింది. అతను చెంబుతో నీళ్లు కొడుతూ, బర్రెను కడిగినంత ప్రేమగా దాన్ని కడుగుతున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “మీదిమళ్లల్ల దున్నిన రోజు యాడ కడుగుతరు?”

“ఇంటికాడ,” అంది ఆమె. “తిన్నంక, బిందెలతోని.”

అంటే చల్లారాక. పైపైన.

ఇంటికి తోలుకొచ్చాక గేజు తీశాను. తేనెలో తెల్లటి చార మొదలైంది. వేడి బండిని చల్లటి నీళ్లలో ముంచుతున్నారు, నీళ్లు లోపలికి పోతున్నాయి, నిజమే. కానీ అప్పటికీ పోకూడదు. లోపలి గాలి వేడికి ఉబ్బినా చల్లారి ముడుచుకున్నా, సీళ్ల మీద భారం పడకుండా ఊపిరి పీల్చుకోవడానికే గేరుబాక్సు మీద ఒక కన్నం పెడతారు. దాన్ని మేం బ్రీదర్ అంటాం. అది తెరిచి ఉంటే గాలి అక్కణ్ణుంచి పోతుంది, సీళ్ల సందులోంచి నీళ్లను లాగాల్సిన అవసరం రాదు.

సీటు వెనక్కి వంగి ఆ చిన్న టోపీ మీద వేలు పెట్టాను. నున్నగా ఉంది. ముద్దుగా ఉంది. టోపీ అంచు కింద ఉండాల్సిన కన్నం లేదు. గోటితో గీకితే రంగుపెచ్చు లేచింది. కంపెనీ రంగు కంటే ఒక పిసరు ముదురు.

ఆ క్షణంలో నాకేమైందో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొదట సంతోషమైంది. దొరికింది! రెండు రోజులుగా నన్ను తినేస్తున్నది దొరికింది! ఆ వెనకే భయమైంది. ఆ భయం నా నోటితో మాట్లాడింది. “మట్టి అడ్డం పడ్డది,” అన్నాను. “గంతే. సూదియ్యక్కా.”

ఆమె రైకకు గుచ్చుకున్న సూది తీసి ఇచ్చింది. కన్నం పొడిచాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. సూది మొనకు రంగుపెచ్చు అంటుకుని వచ్చింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకోబోతుంటే ఆమె చెయ్యి చాపి తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

“మా మట్టి గీ రంగుల ఉండదన్నా.”

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అంది. తర్వాత టోపీ వైపు చూసింది. “గిది ఆనాడు నేను అడిగినదే గదా?”

గోనెపట్టా మీద కూర్చున్నాను. “అవునక్కా. రంగేసింది నేనే. కన్నం మూసుకపోయింది నా చేతులనే. ఆనాడు నువ్వు అడిగితే చెప్పలేదు. చెప్పేతందుకు ఆగి ఉంటే నాకే కనవడుతుండె.” గాలి సంగతి, నీళ్ల సంగతి మొత్తం చెప్పాను. ఆమె మధ్యలోనే అందుకుంది. “వేడన్నం పెట్టి డబ్బ మూత బిగిస్తే చల్లారినంక మూత రాదు, లోపలికి గుంజుకుంటది. గట్లనేనా?” అంతకంటే బాగా ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

అతను మాత్రం గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చి లోపల పెట్టివచ్చాడు. చెట్టుకు కట్టిన గొలుసు విప్పాడు. అప్పుడన్నాడు. “రెండు తాపల ఇప్పిన సారు. రెండు తాపల మంచిగనే ఏసిన. మీరు చెప్పినంక నాకే చేతగాలేదనుకున్న. తండల అందరికి గట్లనే చెప్పిన, నా తోనే కరాబయ్యిందని.”

బండిని వేడిమీద నీళ్లల్ల దింపకు అని ఒక సలహా మాత్రం ఇచ్చి స్కూటరెక్కాను. అది కూడా డెలివరీ రోజు చెప్పాల్సిన సలహానే.

మర్నాడు ఇన్‌చార్జి గారి టేబులు ముందు నిలబడ్డాను. కార్డు మార్చి రాయాలన్నాను. ఆయన మొత్తం విన్నారు. “దొరికింది కదండీ, సంతోషం. బ్రీదర్ మూసుకుపోయింది అని రాయండి. ఎలా మూసుకుపోయిందో మనకెందుకు? మట్టనుకుంటారు,” అన్నారు. నిన్న నా నోట్లోంచి వచ్చిన అబద్ధమే. వేరే మనిషి నోట విన్నాక అది ఎంత చిన్నగా ఉందో తెలిసింది.

పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి కింద రాశాను: ‘డెలివరీకి ముందు రంగు వేసినప్పుడు బ్రీదర్ కన్నం మూసుకుపోయింది. వేసినది నేను. కస్టమర్ పనిలో లోపం లేదు.’ ఈసారి అక్షరాలు కుదురుగా రాలేదు.

ఇన్‌చార్జి గారు నాతో రెండు వారాలు పొడిపొడిగా మాట్లాడారు. పైనుంచి మెమో వచ్చింది. అందులోని ప్రతి ముక్కా నాకు ఇవాళ్టికీ నోటికి వచ్చు. కానీ ఆ మనిషి గురించి ఇది కూడా చెప్పాలి. వారంటీ కింద సీళ్లు, అరిగిన ఒక బేరింగు మార్పించే ఏర్పాటు ఆయనే దగ్గరుండి చూశారు. బండిని నిజామాబాద్ పంపనివ్వకుండా మా షెడ్డులోనే ఒక్కరోజులో చేయించారు. ఆ తర్వాత ప్రతి కొత్త బండికీ రంగు వేసే ముందు బ్రీదర్ మీద గ్రీజు ముద్ద పెట్టి, అయ్యాక తుడిచేయాలని షెడ్డు గోడ మీద రాయించారు. ఎందుకో మాత్రం రాయించలేదు.

ఆ వానాకాలం తండా పొలాల్లో నాట్లు పడ్డాయి, నీళ్లు ఆగకముందే. అన్నీ కాదు. బండి నిలబడ్డ రోజుల్లో ఒక ముసలవ్వ నారు ముదిరిపోయింది, ఆమె రెండు మళ్లు బీడుగా ఉండిపోయాయి. ఆ దారిన పోయినప్పుడల్లా ఆ రెండు మళ్లు నాకు కనబడేవి. పచ్చటి పొలం మధ్య అట్లా ఖాళీగా. వాటి మీద ఏ బ్రష్షుతో రంగు వేసినా అతుకు కనబడకుండా పోదు.

ఇంటి దగ్గర విప్పాలా, షోరూముకు తోలాలా అన్నదానికి నా జవాబు ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. నూనె చూసుకోవడం, ఫిల్టర్లు, గ్రీజు, బెల్టు, ఇవి ఇంట్లో చేసుకోకపోతే తప్పు రైతుదే. గేరుబాక్సు, డీజిల్ పంపు జోలికి దుమ్ములో పోతే కూడా రైతుదే. మధ్యలో ఉన్నదంతా చెయ్యిని బట్టి, మనిషిని బట్టి. కానీ విప్పేది ఎవరైనా, ముందు చూడాలి. బండిని ఒక్క రోజు కూర్చుని చూడని మెకానిక్ కంటే మూడు వారాలు గుడ్డ మీద మరకలు పెట్టిన మనిషికి ఎక్కువ తెలుసు. ఆ మనిషి ప్రశ్న అడిగితే పూజారి తొందరపెడుతున్నా సరే, బ్రష్షు కింద పెట్టి జవాబు చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకు అతను బండిని మా షెడ్డుకు తెచ్చాడు. జబ్బు చేసి కాదు. రంగంతా వెలిసిపోయింది, మళ్లీ కొత్తగా కొట్టించాలట. అప్పటికి నేను ఫోర్‌మన్‌ని. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాను. సీటు వెనక వంగి చూసి ఆగిపోయాను. ఆ చిన్న టోపీ మెడకు ఎర్రదారం చుట్టి ఉంది, కన్నానికి అడ్డు రాకుండా కిందికి, గట్టి ముడులతో. మా పెయింటర్ బ్లేడు తీశాడు, కోసేద్దామని.

“ఇప్పకున్రి,” అన్నాడు అతను. “మా ఆమె కట్టింది. మీ దగ్గరికి తోలేటప్పుడల్ల కన్నం తెరిచుందా అని చూసి కడతది.”

నవ్వుతూనే అడిగాను. “ఇంకా నమ్మకం లేదా తమ్మీ, నా మీద?”

అతను నాకంటే మెల్లగా నవ్వాడు. “నమ్మకం లేకుంటే బండి గీడికెందుకు తెస్తం అన్నా? గాని దారం ఉండనియ్యుమన్నది.”

పెయింటర్ చేతిలోంచి బ్రష్షు తీసుకున్నాను. అప్పటికి నేను బ్రష్షు ముట్టుకోక చాలా ఏళ్లయింది. టోపీ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, కొన మాత్రమే ముంచి, దారం చుట్టూ నేనే వేశాను. దారానికి ఒక్క చుక్క రంగు అంటలేదు.